ఖాళీ గడి

ఆమె ఉద్యోగంలో చేరిన నాడు ఆ గదిలో ఆరు ఏటవాలు బల్లలు, వాటి మీద ట్రేసింగ్ కాగితం, కిటికీ పక్కన సిరా మరకలు పడిన సింకు మాత్రమే ఉండేవి. విద్యుత్ పంపిణీ సంస్థ డ్రాయింగ్ విభాగమది. ఏ సబ్‌స్టేషన్ నుంచి ఏ లైను బయలుదేరి ఏ వీధుల మీదుగా పోతుందో, ఎక్కడ ఏ స్విచ్ దగ్గర ఆగుతుందో కాగితం మీద గీయడం ఆమె పని. గీతలు సన్నగా, వంకర లేకుండా ఉండేవి. అంతకు మించి ఆమె గురించి ఎవరూ ఏమీ చెప్పుకోలేదు. చెప్పుకోవలసినది అప్పటికి ఏమీ లేదు కూడా.

ఆ గదిలో ఒక పద్ధతి ఉండేది. ఎవరైనా స్వయంగా వెళ్లి చూసి వచ్చి చెప్పినదాన్ని సిరాతో గీసేవారు. విన్నదాన్ని పెన్సిల్‌తో గీసేవారు. ఏదీ తెలియని చోట కాగితాన్ని తెల్లగానే వదిలేసేవారు. పైఅధికారులు ఆ తెల్లటి జాగాలను చూసి మండిపడేవారు.

"తెల్లగా ఉంటే తిడతారు, తప్పుగా ఉంటే చస్తారు," అనేవాడు పెద్ద డ్రాఫ్ట్స్‌మన్, కళ్లద్దాలు నుదుటి మీదకు తోసుకుని. "నువ్వు తిట్లు తినడం నేర్చుకో పిల్లా. గీతలు గీయడం ఎవడైనా నేర్పుతాడు."

ముప్ఫై ఏళ్లలో బల్లలు పోయి తెరలు వచ్చాయి. పెద్ద డ్రాఫ్ట్స్‌మన్ పదవీ విరమణ చేసి, ఆ తర్వాత చనిపోయాడు. ఆఫీసులో చాటుగా ఆమెను పటాలమ్మ అనేవారు, ఎదురుగా మేడమ్ అనేవారు. ఆమెకు రెండూ తెలుసు. పెళ్లెందుకు చేసుకోలేదని అడిగినవారికి "స్కేలు కుదరలేదండీ" అని చెప్పి మళ్లీ పనిలో పడేది. రెండంతస్తుల ఇంట్లో పైభాగం ఆమెది, కిందిభాగంలో తమ్ముడి కాపురం. తమ్ముడు అదే సంస్థలో లైన్ ఫోర్‌మన్. ఇరవై ఆరేళ్లుగా స్తంభాలెక్కుతున్నవాడు. ఆమె పటాల్లో సిరాతో గీయదగినదంతా చాలావరకు అతని కాళ్ల మీదుగా వచ్చినదే.

"అక్కా, నీ పటంలో మలుపు దగ్గర స్తంభం ఒకటుంది చూడు."

"ఉంది. అయితే?"

"నాకు మాత్రం కనపళ్లేదు. వెళ్లి దానికి దణ్ణం పెట్టుకుని రా, నీ ఒక్కదానికే దర్శనమిస్తోంది."

ఆమె నవ్వకుండా చెరిపేది. అతను నవ్వుతూ మెట్లు దిగేవాడు. వాళ్ల ప్రేమకు అంతకంటే వేరే భాష ఉండేది కాదు.

కంప్యూటర్‌లో పటమంటే బొమ్మ కాదు, పట్టిక. ప్రతి తీగకు, ప్రతి స్విచ్‌కు ఒక వరుస, ఆ వరుసలో కొన్ని గడులు. గడుల్లో ఉన్నదాన్ని చదివి యంత్రం బొమ్మ గీస్తుంది. అయితే ఒక్కో డివిజన్ ఒక్కో రకంగా పట్టికలు కట్టుకుంది. ఒకరి పట్టికను మరొకరి యంత్రం చదవలేదు. బయటి నుంచి కొని తెచ్చిన సాఫ్ట్‌వేర్ ఈ తగువు తీర్చకపోగా మరొక రకం పట్టికను తెచ్చిపెట్టింది. నలభై మూడో ఏట ఆమె కోడ్ రాయడం నేర్చుకున్నది ఈ చికాకు భరించలేకనే. గ్రంథాలయం నుంచి తెచ్చిన ఒక పాత పుస్తకం, ముఖం చూడని కొందరి సలహాలు, రోజూ పొద్దున్న ఆఫీసుకు ముందు గంటన్నర సమయం. మూడేళ్లకు ఒక పనిముట్టు తయారైంది. వేర్వేరు డివిజన్ల పట్టికలను తీసుకుని, కొలతలు సరిచూసి, ఇద్దరు దర్జీలు విడివిడిగా కుట్టిన ముక్కలను కలిపినట్టు ఒకే నమూనాగా అతికేది.

దాన్ని ఆమె ఓపెన్ సోర్స్‌గా నెట్‌లో పెట్టింది. ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు, విప్పి చూడవచ్చు, మార్చుకోవచ్చు. అలాంటివాటి కింద ఉండే షరతుల పత్రాన్ని ఇతరుల దగ్గర నుంచి అక్షరం మార్చకుండా తెచ్చి పెట్టింది. "ఇది ఉన్నది ఉన్నట్టుగా ఇవ్వబడుతోంది. దీనివల్ల కలిగే ఏ నష్టానికీ కర్తకు పూచీ లేదు." ఉచితంగా ఇచ్చినదానికి పూచీ ఉండదన్నది న్యాయస్థానాలకు సరిపోయే మాట. మనిషి తనలో తాను నడుపుకునే విచారణకు అది చాలుతుందా అన్న ప్రశ్న అప్పుడు ఆమెకు రాలేదు. ఎందుకు వస్తుంది? ఆరేళ్లలో నలభై దాకా ఆఫీసులు ఆ పనిముట్టును వాడసాగాయి. వాటిలో సగం ఊళ్ల పేర్లు ఆమెకు నోరు తిరిగేవి కావు.

వాడేవారి నుంచి రోజూ ఫిర్యాదులు వచ్చేవి. అన్నిటికంటే ఎక్కువగా వచ్చిన ఫిర్యాదు ఒకటే: ఏదైనా గడి ఖాళీగా ఉంటే పనిముట్టు మధ్యలో ఆగిపోతోంది, బొమ్మ రావడం లేదు. వేల గడుల్లో ఒక్కటి ఖాళీగా ఉన్నా చాలు, పని నిలిచిపోయేది. సొంత ఆఫీసులోనూ ఇదే గొడవ. పక్క బల్ల ఆయన, కేబుళ్ల లెక్కలు చూసేవాడు, అరిచి మరీ చెప్పేవాడు: "మేడమ్, మీ పనిముట్టు అత్తగారిలా ఉందండీ. అంతా బాగుంటే మాట్లాడదు, ఒక్క గిన్నె తక్కువైతే ఇల్లు పీకి పందిరేస్తుంది!"

ఒక బుధవారం మధ్యాహ్నం ఆమె కోడ్‌లో ఒక్క పంక్తి చేర్చింది. స్విచ్ స్థితి చెప్పే గడి ఖాళీగా ఉంటే 'తెరిచి ఉంది' అని అనుకోమని. అందులో తర్కం లేకపోలేదు. ఖాళీగా ఉండేవి చాలావరకు రెండు డివిజన్ల సరిహద్దులో ఉండే స్విచ్‌లు. అవి మామూలుగా తెరిచే ఉంటాయి, అంటే రెండు వైపుల లైన్లను విడదీసే ఉంటాయి. నూటికి తొంభై ఏడుసార్లు ఆ ఊహ నిజం. ఫిర్యాదులు ఆగిపోయాయి. పక్క బల్ల ఆయన మిఠాయి పొట్లం తెచ్చి ఆమె బల్ల మీద పెట్టాడు.

లేదని తెలియడం వేరు, ఉందో లేదో తెలియకపోవడం వేరు. తర్కం చదివినవారు ఈ తేడా మీద శతాబ్దాలు వాదించుకున్నారు. ఆ వాదాల వల్ల ఎవరికీ ఏమీ ఒరగలేదని నవ్వేవారున్నారు. ఆమె పని నేర్చుకున్న గదిలో ఆ తేడాకు సిరా, పెన్సిల్, తెల్ల కాగితం అని మూడు రూపాలుండేవి. తెర మీద పెన్సిల్ లేదు. ఉంచవచ్చని ఆమెకు తట్టలేదు. తట్టలేదనడం కూడా పూర్తి నిజం కాదు. ఏడాది గడిచాక బూడిద పిల్లి అనే మారుపేరుతో ఎవరో ఒక చిన్న ఉత్తరం రాశారు. "గడి ఖాళీగా ఉంటే మీ పనిముట్టు స్విచ్ తెరిచి ఉన్నట్టు చూపుతోంది. తెలియదని చూపాలి కదా? ఈ బొమ్మను నమ్మి ఎవరైనా తీగ పట్టుకుంటే?" ఆమె మర్నాడే జవాబిచ్చింది. "మీరన్నది నిజమే. తర్వాతి వెర్షన్‌లో చూస్తాను." ఆ తర్వాత రెండేళ్లలో పన్నెండు వెర్షన్లు వచ్చాయి. వేగం పెరిగింది, రంగులు బాగుపడ్డాయి. ఆ ఉత్తరం జాబితాలో కిందికి జారిపోయింది.

ప్రమాదం జరిగింది ఒక మంగళవారం, ఎండ బాగా కాస్తున్న పూట. ఊరి చివర లైనులో ఇన్సులేటర్లు మార్చాలి. తమ్ముడు లైన్ క్లియర్ తీసుకున్నాడు. అంటే, ఈ లైనులో కరెంటు ఆపేశాం, పని చేసుకోవచ్చు అని ఆఫీసు రాసి ఇచ్చే అనుమతి. దానితోపాటు ఆ భాగం పటం అచ్చువేసి ఇచ్చారు. పటం ప్రకారం లైను సరిహద్దు స్విచ్ దగ్గర ఆగిపోతుంది, స్విచ్ తెరిచి ఉంది, ఆ వైపు నుంచి కరెంటు వచ్చే దారి లేదు. అతను పరీక్షించాడు. లైను చల్లగా ఉంది, కరెంటు లేదు. కరెంటు రాగల వైపున తీగలను నేలకు కలుపుతూ ఎర్త్ కట్టాడు. రెండో వైపు కట్టలేదు, అది ముగింపు కనుక. స్తంభమెక్కాడు.

నాలుగు నెలల కిందట ఏదో మరమ్మతు కోసం ఆ సరిహద్దు స్విచ్‌ను మూసి, మళ్లీ తెరవడం మరిచారు. పట్టికలో దాని గడిని ఈ డివిజన్ వారు పక్కవారిదని ఖాళీగా వదిలారు, పక్కవారు వీరిదని వదిలారు. ఆ పూట పక్క డివిజన్ లైను కూడా చెట్టుకొమ్మ పడి ఆగిపోయి ఉంది. అందుకే పరీక్షలో ఏమీ కనబడలేదు. పదకొండుంబావుకు కొమ్మ తీసి, పక్కవారు తమ లైనులోకి కరెంటు వదిలారు. మూసి ఉన్న స్విచ్ గుండా అది ఇటు వచ్చింది. తమ్ముడి కుడిచేతిని మోచేతి కింద వరకు తీసేయవలసి వచ్చింది. ఆస్పత్రిలో చొక్కా కత్తిరించి పారేశారు. అచ్చువేసి ఇచ్చిన పటం ఆ చొక్కా జేబులో ఉంది.

మూడోరోజున పక్క డివిజన్ వారు వెళ్లి స్విచ్‌ను చూసి, ఖాళీ గడిలో 'మూసి ఉంది' అని నింపారు. అయిదోరోజున విచారణ సంఘం పటం అడిగింది. ఆమె ఆస్పత్రిలో తమ్ముడి దగ్గర ఉంది. పక్క బల్ల ఆయన ఒక మీట నొక్కి అచ్చు తీసి ఇచ్చాడు. స్విచ్ మూసి ఉన్నట్టు స్పష్టంగా ఉంది. పటం ఎప్పటికప్పుడు తాజాగా ఉండడమే అందరూ మెచ్చుకున్న గుణం. తాజాగా ఉండేదానికి నిన్న అంటూ ఉండదు. నిన్నటిది కావాలంటే అడగాలి. ఎవరూ అడగలేదు.

"నేను చూసిన దాంట్లో తెరిచే ఉంది సార్," అన్నాడు తమ్ముడు మంచం మీద నుంచి.

"ఇదిగో, ఇక్కడ మూసి ఉంది కదయ్యా?"

అతను ఆ కాగితాన్ని చాలాసేపు చూశాడట.

విచారణ మూడు వారాల్లో ముగిసింది. తేల్చినది రెండు ముక్కలు: పటం చదవడంలో అజాగ్రత్త, విచారణలో అసత్యం. ఇతరులకు హెచ్చరికగా ఆ రెండు ముక్కలనూ ఒక కాగితం మీద అచ్చువేసి తొమ్మిది సెక్షన్ ఆఫీసుల గోడలకు అంటించారు. పేరు రాయలేదు. అవసరం లేకపోయింది.

ఆమె సెలవు ముగించి వచ్చిన రోజున ఆఫీసు ఆమె పట్ల ఎంతో మెత్తగా ప్రవర్తించింది.

"ఎంత మాట మేడమ్, తిరిగి తిరిగి మీ పటం మీదకే నెట్టాడా!" అన్నాడు పక్క బల్ల ఆయన. "సొంత తమ్ముడు!"

"నొప్పిలో ఏదో అని ఉంటాడు."

"అదే మీ మంచితనం. నేనైతేనా, రెండో చెయ్యి కూడా విరిచేవాణ్ని." అని, అన్న మాట తనకే వినిపించి, నాలుక కరుచుకున్నాడు.

నాలుగో వారంలో తమ్ముడు ఇంటికి వచ్చాడు. సాయంత్రం ఆమె కిందికి దిగేసరికి అతను ఎడమచేత్తో కుళాయి తిప్పడం సాధన చేస్తున్నాడు.

"రా అక్కా. ఒక చేత్తో చప్పట్లు మోగవంటారు కదా, పొద్దుట్నుంచి చూస్తున్నా. నిజమే."

"నోర్ముయ్ రా."

అతను కుళాయి కట్టేసి వచ్చి కూర్చున్నాడు. నవ్వు పోయింది.

"ఒక్కటడుగుతా. నీ పటంలో ఆ స్విచ్ ఆ రోజు తెరిచే ఉంది కదా?"

ఆమె కుళాయి కింద తడిసిన నేల మీద గుడ్డ వేసింది.

"నాకు తెరిచున్నట్టే గుర్తు. కానీ వాళ్లు చూపించిన దాంట్లో మూసుంది. రోజూ కళ్లు మూసుకుని ఆ కాగితం గుర్తుచేసుకుంటున్నా. మొదట్లో తెరిచి కనపడేది. ఇప్పుడు ఒక్కోసారి మూసి కనపడుతోంది. నా కళ్లే నన్ను మోసం చేశాయేమో అక్కా. నువ్వు చెప్పు. నువ్వు చెప్తే నమ్ముతా, ఇంకెవరు చెప్పినా నమ్మను."

"చూసి చెప్తాను," అంది ఆమె.

చూసింది. ఆ శనివారం మధ్యాహ్నం ఆఫీసు ఖాళీ అయ్యాక, పనిముట్టు దాచి ఉంచే పాత ప్రతుల్లో నుంచి ఆ మంగళవారం ఉదయపు నమూనాను వెలికి తీసి మళ్లీ గీయించింది. సరిహద్దు స్విచ్ తెరిచి ఉంది. పట్టిక తెరిచి చూసింది. గడి ఖాళీగా ఉంది. బొమ్మలోని మాట పట్టికలోనిది కాదు, ఆమెది. ఆ తర్వాత ఫిర్యాదుల జాబితాలో కిందికి, ఇంకా కిందికి పోయి బూడిద పిల్లి ఉత్తరాన్ని చదివింది, దాని కింద తన జవాబునూ చదివింది. ఒక కాగితం అచ్చు తీసుకుని, మడిచి, చేతిసంచిలో పెట్టుకుని ఇంటికి నడిచింది.

"చూశావా అక్కా?" అన్నాడు తమ్ముడు గుమ్మం దగ్గరే.

"ఇంకా లేదు. పాతవి తీయడానికి టైం పడుతుంది."

అది మొదటి అబద్ధం. ఏడు వారాలు సాగింది. దుర్మార్గం ఒక్కసారిగా తలుపు తోసుకుని వస్తుందని మనం ఊహించుకుంటాం. చాలావరకు అది వాయిదాగా వచ్చి కుర్చీ వేసుకుని కూర్చుంటుంది. ఆమె దగ్గర కారణాలుండేవి. చెబితే పనిముట్టు మీద నమ్మకం పోతుంది, నలభై ఆఫీసులు వదిలేస్తాయి, తొమ్మిదేళ్ల పొద్దుటిపూటలు బూడిదవుతాయి. తమ్ముడి చెయ్యి తిరిగి రాదు. ఏ నియమం ప్రకారం చూసినా రెండు వైపులా ఎర్త్ కట్టి ఉండవలసింది. ఇవన్నీ నిజాలే. తన వల్ల తమ్ముడి చెయ్యి పోయిందని అతని ముఖం చూసి చెప్పలేకపోవడం మాత్రం ఆ జాబితాలో ఆమె ఎన్నడూ రాసుకోలేదు.

ఆ వారాల్లో ఆమె చేసినదొకటుంది. ఎవరికీ చెప్పకుండా కోడ్‌లో ఆ పంక్తిని తీసేసి, 'చిన్న సవరణలు' అన్న మాట కింద కొత్త వెర్షన్ విడుదల చేసింది. ఆమెను గౌరవించదలచినవారు ఈ ఒక్క విషయాన్ని దాటేయడం మేలు. పెద్ద ఇంజనీరు ఆమెను తన గదికి పిలిపించి, వచ్చే ఏడాది మొత్తం సంస్థ నమూనాను ఆమె పనిముట్టు మీదనే నడుపుతామని చెప్పింది కూడా అప్పుడే. "మీ తమ్ముడి విషయంలో మిమ్మల్ని ఎవరూ తప్పుపట్టరు మేడమ్," అని చేర్చాడు. ఆమె థాంక్స్ చెప్పి బయటకు వచ్చింది.

ఇంట్లో తమ్ముడు జోకులు మానేశాడు. పాత సహోద్యోగులు ఇద్దరు చూడటానికి వచ్చినప్పుడు ఒకడు సరదాగానే "పటం సరిగా చూసుకుని టీ తాగు అన్నా, కప్పు మూసుందో తెరిచుందో!" అన్నాడు. తమ్ముడు కూడా నవ్వాడు. వాళ్లు వెళ్లాక కప్పు తీసుకెళ్లి సింకులో పెట్టి, రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదని మరదలు వచ్చి చెప్పింది.

"వదినా, ఆయన విచారణలో అబద్ధం ఆడే మనిషి కాదు. మీకు తెలుసు కదా?"

"తెలుసు."

"మరి మీరొక్క మాట ఆఫీసులో చెప్పొచ్చుగా."

"చూస్తున్నానమ్మా."

"చూస్తున్నారు, చూస్తున్నారు," అంది మరదలు మెల్లగా. "ఆకాశంలో చుక్కలైనా ఈపాటికి లెక్క తేలేవి వదినా."

పదకొండో వారంలో ఆఫీసు నుంచి కబురు వచ్చింది. స్టోర్ గదిలో కూర్చుని చేసే పని ఇస్తాం, అయితే విచారణలో చెప్పినది సరి కాదని ఒక కాగితం రాసి ఇవ్వాలి, దానితో ఫైలు మూసేస్తాం. ఆదివారం ఉదయం తమ్ముడు మెట్లెక్కి పైకి వచ్చాడు. ఇంటికి వచ్చాక అతను మెట్లెక్కడం అదే మొదలు. చంకలో తెల్ల కాగితాలు, చేతిలో పెన్ను.

"నా ఎడమచేతి రాత కోడి గీరినట్టుంది అక్కా. నువ్వు రాసిపెట్టు, సంతకం నేను గీకుతాను."

"ఏం రాయాలి?"

"చెప్తా రాయి." బల్ల ముందు నిలబడి, గోడ వైపు చూస్తూ, స్కూల్లో పాఠం అప్పగించినట్టు చెప్పసాగాడు. "ఆ రోజు నాకు ఇచ్చిన పటంలో సరిహద్దు స్విచ్ మూసి ఉన్నట్టే ఉంది. నేను గమనించలేదు. విచారణలో తెరిచి ఉందని నేను చెప్పినది అబద్ధం."

ఆమె 'ఆ రోజు నాకు ఇచ్చిన పటంలో' వరకు రాసింది. పెన్ను ఆగింది.

"రాయి అక్కా."

"నీకు అలాగే గుర్తుందా?"

"గుర్తేముంది. అందరికీ అలాగే ఉంటే నాకొక్కడికే వేరుగా ఎందుకుంటుంది? నిన్న రాత్రి కలలో కూడా మూసే ఉంది." చిన్నగా నవ్వాడు. "కల కూడా విచారణ సంఘంలో చేరిపోయింది. రాసెయ్."

ఆమె పెన్ను కింద పెట్టి, కుర్చీకి తగిలించిన చేతిసంచిలో నుంచి మడతలు నలిగిన కాగితం తీసి అతని ముందు పరిచింది. అతను వంగి చూశాడు. స్విచ్ మీద వేలు పెట్టాడు. తారీఖు మీద వేలు పెట్టాడు. మళ్లీ స్విచ్ మీద.

"తెరిచుంది," అన్నాడు.

"తెరిచే ఉంది. నువ్వు చూసినది నిజం. ఆ గడి ఖాళీగా ఉంది రా. తెలియనప్పుడు తెరిచి ఉన్నట్టు గీయమని యంత్రానికి నేనే చెప్పాను. రెండేళ్ల కిందట ఒకరు తప్పని రాశారు. చూస్తానన్నాను. చూడలేదు."

అతను కుర్చీలో కూర్చున్నాడు. కింద మరదలు ఏదో గిన్నె దించిన చప్పుడైంది. అతని ముఖంలో మొదట వచ్చినది కోపం కాదు. ఇరవై ఆరేళ్లు స్తంభాలెక్కిన మనిషికి తన కళ్లు తనకు తిరిగి దొరికిన ఊరట. అది చూడటం ఆమెకు కోపం కంటే కష్టమైంది. ఆ ఊరట ఎంతోసేపు నిలవలేదు.

"ఈ కాగితం ఎప్పుడు తీశావు?"

"నువ్వు ఆస్పత్రి నుంచి వచ్చిన వారమే."

అతను వేళ్ల మీద లెక్కపెట్టబోయి, అయిదు దగ్గర ఆగి, మళ్లీ మొదటి వేలి నుంచి మొదలుపెట్టాడు.

"ఏడు వారాలు," అన్నాడు. "ఏడు వారాలు ఈ మెట్లు దిగి వచ్చి, నా ఎదురుగా కూర్చుని టీ తాగావు."

"అవును."

"చెయ్యి సంగతి వేరక్కా. అది పొరపాటు. స్విచ్ తెరవడం మరిచిపోయినవాడిది ఎంతో, నీది అంతే, రెండోవైపు కట్టని నాదీ అంతే. కానీ నేను పిచ్చివాడినవుతున్నాననుకున్నాను. అది నువ్వు చూస్తూ ఉన్నావు."

అతను ఆమె సగం రాసిన కాగితాన్ని పక్కకు తోసి ఇంకొకటి ఆమె ముందు పెట్టాడు.

"రాయి. ఇప్పుడు చెప్పినదంతా రాయి. నీకు ఎప్పుడు తెలిసిందో ఆ తారీఖు కూడా రాయి. అది వదిలేశావంటే నేను సంతకం పెట్టను."

తారీఖు రాసింది. సోమవారం పెద్ద ఇంజనీరు ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి, బల్ల మీద పెట్టాడు.

"మొదటి వారంలో తెచ్చి ఉంటే నిజాయితీ అనేవాళ్లం మేడమ్. అసలు తేకపోతే మాకు తెలిసేది కాదు. ఇప్పుడు దీన్ని ఏమనాలో నాకు అర్థం కావడం లేదు."

"ఏమీ అనక్కర్లేదు సార్. ఫైలులో పెట్టండి చాలు."

పెట్టారు. నెల తర్వాత సంఘం మళ్లీ కూర్చుని, ఆనాటి పటం గురించి ఫోర్‌మన్ చెప్పినది సత్యమేనని ఒక వాక్యం రాసింది. ఆమెను డ్రాయింగ్ విభాగం నుంచి పాత రికార్డుల గదికి మార్చారు. పనిముట్టును సంస్థ వాడకం నుంచి తీసేశారు. నెట్‌లో ఆమె 'చిన్న సవరణలు' అన్న మాట కొట్టివేసి, ఏ పంక్తి, ఏ తప్పు, ఎవరికి ఏమైంది, ఎవరు ముందే హెచ్చరించారు, తాను ఎన్నాళ్లు దాచింది అన్నీ వరుసగా రాసింది. ఇప్పుడు తెలియని స్విచ్‌ను పనిముట్టు చుక్కల గీతతో గీస్తుంది. గడి నింపేవరకు ఆ పటాన్ని లైన్ క్లియర్ కోసం అచ్చువేయనివ్వదు. పదిహేను ఆఫీసులు ఇది మరీ చాదస్తమని పాత వెర్షన్‌కే పోయాయి. ఆ పాత వెర్షన్‌ను వెనక్కి తీసుకునే దారి ఆమెకు లేదు. ఉచితంగా ఇచ్చినదాన్ని అడిగి తెచ్చుకోలేం. బూడిద పిల్లి ఒక్క వాక్యం రాశారు: "నేనైనా మళ్లీ గుర్తుచేసి ఉండవలసింది."

సంఘం రాసిన వాక్యపు నకలు ఇంటికి వచ్చిన రోజు తమ్ముడు దాన్ని తానే చదువుకున్నాడు. స్టోర్ పనికి వెళ్తున్నాడు అప్పటికి. ఆమెతో అవసరమైనవి మాత్రం మాట్లాడేవాడు, నీళ్ల మోటారు గురించి, కరెంటు బిల్లు గురించి.

"దీన్ని గోడలకు అంటిస్తారా?" అని అడిగాడు.

"లేదట. ఫైలులో పెట్టారు."

"నేను అబద్ధమాడానన్నది తొమ్మిది చోట్ల అంటించారు."

అంతే అన్నాడు. కాగితాన్ని మడిచి ఆమెకే ఇచ్చేశాడు.

ఆమె దానికి తొమ్మిది నకళ్లు తీయించి, రెండు రోజులు సెలవు పెట్టి, బస్సుల్లో తిరిగింది. అంటించడానికి అనుమతి లేదు. కొన్నిచోట్ల అడిగింది, కొన్నిచోట్ల అడగకుండానే అంటించింది. ఏడో ఆఫీసుకు చేరేసరికి మధ్యాహ్నమైంది. లైన్‌మన్లు అయిదుగురు నేల మీద కూర్చుని భోజనం చేస్తున్నారు. గోడ మీద పాత హెచ్చరిక ఇంకా ఉంది, అంచులు పసుపెక్కి. ఆమె దాని పక్కనే కొత్త కాగితం పెట్టి, జిగురు పట్టేవరకు అరచేత్తో అదిమి నిలబడింది. వారిలో వయసు మళ్లినవాడు లేచి, చెయ్యి కడుక్కుని వచ్చి, పైకి చదివాడు.

"అంటే ఆయన చెప్పింది నిజమేనా?"

"నిజమే."

"మరి ఆ పటం అలా గీసినవాళ్లెవరమ్మా? ఇందులో రాయలేదే."

"నేనే."

అతను ఆమెను ఎగాదిగా చూశాడు. వెనక ఎవరో నమలడం ఆపారు.

"అయితే అది కూడా రాయండి," అన్నాడు అతను, జేబులోని పెన్ను తీసి ఇస్తూ. "లేకపోతే ఈసారి ఇంకెవడి మీదో పడుతుంది."

ఆమె గోడ మీది కొత్త కాగితం అడుగున తన పేరు రాసింది. ముందు అంటించిన ఆరింటిలో ఆ పేరు లేదు. ఇంకా రెండు ఆఫీసులు మిగిలి ఉన్నాయి, ఆ తర్వాత మళ్లీ ఆ ఆరింటికీ వెళ్లాలి. పెన్ను తిరిగి ఇచ్చి, బస్సు ఎన్నింటికని అడిగింది. ఎవరూ చెప్పలేదు. కాసేపటికి ఆ పెద్దాయనే, అన్నం ముందు కూర్చుంటూ, "రెండింటికొకటుంది, ఎదురుగా నిలబడండి," అన్నాడు.